పికప్పా, మైలేజీయా: ఒక చిన్న తలుపు చరిత్ర

మన దగ్గర బండి గురించి ఎవరు మాట్లాడినా చివరికి రెండు మాటల దగ్గరికే వస్తారు. ఒకటి మైలేజీ, రెండోది పికప్. కొనే ముందు అడిగేది మైలేజీ. కొన్నాక స్నేహితుల దగ్గర చెప్పుకునేది పికప్. ఇంజనీర్లు ఈ రెండోదాన్ని థ్రాటిల్ రెస్పాన్స్ అంటారు. కాలు పెడల్ నొక్కిన క్షణానికీ, బండి ఆ మాట విన్న క్షణానికీ మధ్య ఉండే ఎడం అన్నమాట. అది సెకనులో చిన్న ముక్కే. కానీ నడిపేవాడికి కారు మీద మనసు పడినా విరిగినా ఎక్కువసార్లు ఆ ముక్కలోనే.

ఈ రెండు కోరికలూ ఒకే చోట ఢీకొనే చిన్న పరికరం ఒకటుంది. సూపర్‌చార్జర్ ఉన్న కార్లలో కనిపించే బైపాస్ వాల్వ్. 2000ల మొదట్లో వచ్చిన మినీ కూపర్ ఎస్ దీనికి మంచి ఉదాహరణ. ఆ కారు అభిమానులు దాన్ని ఆర్53 అనే కంపెనీ కోడ్ పేరుతోనే పిలుస్తారు. చాలామంది యజమానులు దానికి చేయించిన మార్పుల్లో అన్నిటికన్నా చిన్నది ఈ వాల్వ్ తాలూకు స్ప్రింగుని బిగించడం. ఒక్క స్ప్రింగు. దాంతో కారు వెంటనే మాట వింటోందని వాళ్ళ సంతోషం.

అసలు ఆ వాల్వ్‌ని అక్కడ పెట్టిందెవరు, ఎందుకు పెట్టారు, దాన్ని బిగిస్తే మనం ఏం రద్దు చేస్తున్నాం? ఈ ప్రశ్నలకి జవాబు వెతికితే వందేళ్ళ పైబడిన తగువు ఒకటి బయటపడుతుంది. ఇంజనుకి అదనపు ఊపిరి ఎప్పుడు ఇవ్వాలో నిర్ణయించేది ఎవరు అన్నదే ఆ తగువు.

ఉన్ని మిల్లులో పుట్టిన తిత్తి

పెట్రోలు ఇంజనుకి ఆకలి ఒక సమస్య కాదు. పెట్రోలు ఎంత కావాలంటే అంత పోయొచ్చు. అసలు చిక్కు ఊపిరితో. 1.6 లీటర్ల ఇంజను తనంతట తాను పీల్చుకుంటే, రెండు చుట్లకి ఒకసారి మహా అయితే 1.6 లీటర్ల గాలి లోపలికి వెళ్తుంది. అంతకు మించి పెట్రోలు పోసినా కాలదు. ఇంకా బలం కావాలంటే మూడే దారులు. ఇంజనుని పెద్దది చేయాలి, లేదా ఇంకా వేగంగా తిప్పాలి, లేదా బయటి నుంచి గాలిని బలవంతంగా లోపలికి తోయాలి.

మూడో దారి కమ్మరికి ఎప్పటి నుంచో తెలుసు. కొలిమిలో బొగ్గు ఎంత ఉన్నా తిత్తి ఊదకపోతే ఇనుము కరగదు. నేటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రంలో ఉక్కు తయారుచేసే పద్ధతిని వాయిసీ అనే భూగర్భ శాస్త్రవేత్త పందొమ్మిదో శతాబ్దం మొదట్లో చూసి రాశాడు. కత్తులకు పనికొచ్చే ఆ మేలైన ఉక్కు కోసం పర్షియా వర్తకులు అంత దూరం వచ్చేవాళ్ళు. అక్కడి కొలిములకైనా, మన ఊరి కమ్మరి కొలిమికైనా ఊపిరి తిత్తి నుంచే. ఒక్క తిత్తితో గాలి ఆగి ఆగి వస్తుంది కాబట్టి రెండు తిత్తులు పెట్టి ఒకదాని తర్వాత ఒకటి నొక్కడం పాత కిటుకు.

అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని కానర్స్‌విల్ అనే ఊళ్ళో రూట్స్ సోదరులు, ఫిలాండర్, ఫ్రాన్సిస్, ఇదే పనిని తిరిగే యంత్రంతో చేయించారు. వాళ్ళది ఉన్ని మిల్లు. నీటితో నడిచే చక్రాన్ని మెరుగుపరచబోతే చేతికొచ్చిన యంత్రం నీళ్ళకన్నా గాలికి బాగా పనికొచ్చింది. 1860లో పేటెంటు తీసుకున్నారు. ఒక పెట్టెలో 8 అంకె ఆకారంలో రెండు రోటర్లు ఎదురెదురుగా తిరుగుతుంటాయి. చెరుకు రసం బండి మీది రోలర్లు గుర్తొస్తాయి గానీ ఒక తేడా ఉంది. చెరుకు రెండు రోలర్ల మధ్యనుంచి వెళ్తుంది. ఇక్కడ గాలి రోటర్లకీ పెట్టె గోడకీ మధ్య చిక్కుకుని, బయటి అంచు వెంబడి అవతలికి చేరుతుంది. మధ్యలోంచి వెనక్కి రావడానికి దానికి సందు ఉండదు.

ఈ బ్లోయర్లు మొదట వెళ్ళింది ఫౌండ్రీల్లోకి, గనుల్లోకి. 1870లో న్యూయార్క్ బ్రాడ్‌వే కింద ఆల్‌ఫ్రెడ్ బీచ్ గాలితో నడిచే సొరంగ రైలుని ప్రదర్శనకి పెట్టినప్పుడు, ఆ పెట్టెని తోసింది కూడా ఒక రూట్స్ బ్లోయరే. కార్లనేవి అప్పటికి లేవు. తర్వాత యాభై ఏళ్ళకి కార్లలోకి ఎక్కిన సూపర్‌చార్జర్లలో ఎక్కువ వాటి మూలరూపం మాత్రం ఇదే.

ఇక్కడ ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. ఈ తిత్తిని ఇంజనే తిప్పుతుంది. బెల్టుతోనో గేర్లతోనో ఇంజను బలంలోంచి కొంత తీసుకుని, గాలి రూపంలో తిరిగి ఇస్తుంది. ఇచ్చేది తీసుకున్నదానికన్నా ఎక్కువైనప్పుడే లాభం. పూర్తి బలం అక్కర్లేనప్పుడు, ట్రాఫిక్‌లో మెల్లగా పోతున్నప్పుడు, అది అప్పు తీసుకుంటుందే గానీ తీర్చదు. బైపాస్ వాల్వ్ కథంతా ఈ వాక్యంలోంచే పుట్టింది.

మూడో అంకె

మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాలు పైకి వెళ్ళేకొద్దీ పలచటి గాలిలో ఇంజన్లు నీరసించేవి. వాటికి ఊపిరి ఊదడం నేర్చుకున్న జర్మనీ ఇంజనీర్లు యుద్ధం తర్వాత ఆ విద్యని కార్లకి తెచ్చారు. 1921 బెర్లిన్ మోటార్ షోలో మెర్సిడెస్ కంప్రెసర్ ఉన్న రెండు మామూలు కార్లని ప్రదర్శించింది. తర్వాత వచ్చిన ఎస్, ఎస్ఎస్‌కె లాంటివి ఆ దశాబ్దంలో కారు అంటే పడి చచ్చేవాళ్ళ కలల్లోకి వచ్చే బండ్లు.

వాటి పేర్లు చూడండి. మెర్సిడెస్ ఎస్ అంటే 26/120/180. ఎస్ఎస్‌కె అంటే 27/170/225. మొదటి అంకె పన్ను లెక్క కోసం. రెండోది కంప్రెసర్ లేకుండా ఇంజను ఇచ్చే బలం. మూడోది కంప్రెసర్‌తో. ఒకే కారుకి రెండు బలాలు, రెండూ పేరులోనే రాసి ఉన్నాయి.

ఈ రెండు బలాల మధ్య మారడం నడిపేవాడి కాలి పని. మామూలుగా కంప్రెసర్ కదలదు. యాక్సిలరేటర్ని చివరికంటా, ఆ పైన ఇంకాస్త గట్టిగా తొక్కితే ఒక క్లచ్ పట్టుకుని కంప్రెసర్ని తిప్పేది. గాలి నేరుగా కార్బురేటర్‌లోకి దూసుకెళ్ళేది. కారు ఒక్కసారిగా కేక పెట్టేది. ఆ కేక అప్పటి రేసు మైదానాల్లో దూరం నుంచే గుర్తుపట్టగలిగేదిట. అయితే అలా ఎక్కువసేపు తొక్కి ఉంచకూడదు. ఓవర్‌టేక్ చేయడానికో, గుట్ట ఎక్కడానికో కొద్దిసేపు వాడి వదిలేయాలి. ఇంజను అంతకుమించి తట్టుకోదు.

అంటే బైపాస్ అనే ఆలోచన మొదట్లోనే ఉంది. అయితే ఆ తలుపు తీసేదీ మూసేదీ మనిషి. మూడో అంకె ఎప్పుడు వాడాలో, ఎంతసేపు వాడాలో అతనికి తెలియాలి. తెలియకపోతే ఇంజను పోతుంది. ఆ బాధ్యత కూడా కారు ధరలో కలిసే వచ్చేది.

ఎప్పుడూ ఊదే తిత్తి

ఇంగ్లండ్‌లో వేరే ఆలోచన. బెంట్లీ కంపెనీ వ్యవస్థాపకుడు డబ్ల్యూ.ఓ. బెంట్లీకి సూపర్‌చార్జర్ అంటేనే చిరాకు. బలం కావాలంటే ఇంజనుని పెద్దది చేయాలన్నది ఆయన మతం. మూడు లీటర్ల నుంచి నాలుగున్నర, ఆరున్నర, చివరికి ఎనిమిది లీటర్ల దాకా వెళ్ళాడు. కానీ ఆయన డ్రైవర్లలోనే ఒకడు, టిమ్ బిర్కిన్, మాట వినలేదు. డొరోథీ పేజెట్ అనే ధనవంతురాలు డబ్బు పెట్టింది. ఆంహర్స్ట్ విలియర్స్ అనే ఇంజనీరు బ్లోయర్ తయారుచేశాడు. దాన్ని రేడియేటర్ ముందు, చక్రాల మధ్య బయటికి కనిపించేలా తగిలించారు. బ్లోయర్ బెంట్లీ అని పేరు పడింది. రేసు బండ్లూ అమ్మకానికి చేసినవీ కలిపి యాభై అయిదు కార్లు.

ఈ బ్లోయర్‌ని నేరుగా క్రాంక్‌షాఫ్ట్ కొసకి తగిలించారు. క్లచ్ లేదు. ఇంజను తిరిగితే అదీ తిరుగుతుంది. కాలికి పెద్ద పని లేదు, నిర్ణయం లేదు. కాలు పెడితే బలం సిద్ధంగా ఉంటుంది. పెట్రోలు కూడా అదే లెక్కన తాగేది.

1930 లె మాన్స్ 24 గంటల రేసులో ఈ రెండు ఆలోచనలూ ఎదురుపడ్డాయి. రుడాల్ఫ్ కరాచియోలా ఎస్ఎస్‌కెతో వచ్చాడు. బిర్కిన్ మొదటి రోజే అతన్ని తరిమాడు. టైరు తొక్కు ఊడిపోయిన కారుతో, రోడ్డు అంచు గడ్డి మీదకి దిగి మరీ దాటాడు. రాత్రి మెర్సిడెస్ కరెంటు వ్యవస్థ దెబ్బతిని ఆగిపోయింది. బ్లోయర్ బెంట్లీలు రెండూ కూడా మధ్యలోనే ఆగిపోయాయి. గెలిచింది ఎవరంటే, ఏ తిత్తీ లేని ఆరున్నర లీటర్ల బెంట్లీ స్పీడ్ సిక్స్. రెండో స్థానమూ దానిదే.

డబ్ల్యూ.ఓ. మాటే నెగ్గిందని అప్పట్లో అనుకుని ఉండొచ్చు. కానీ మరుసటి ఏడే ఆయన కంపెనీ రోల్స్ రాయిస్ చేతిలోకి పోయింది. ఆ రేసులో గెలిచిన స్పీడ్ సిక్స్ కన్నా ఓడిన బ్లోయర్ బెంట్లీకే ఈరోజు పేరెక్కువ. గెలుపుకన్నా పికప్ ఎక్కువ కాలం గుర్తుంటుందేమో.

తెగిన వైరు

తలుపు తాళం మనిషి చేతిలోంచి మొదటిసారి జారింది ఆకాశంలో. రెండో ప్రపంచ యుద్ధంలో స్పిట్‌ఫైర్, హరికేన్ విమానాలకి పెట్టిన రోల్స్ రాయిస్ మెర్లిన్ ఇంజను సూపర్‌చార్జర్ వేరే రకం. ఫ్యాన్ లాంటి చక్రం గాలిని అంచులకి విసిరేది. దాన్ని పైన పలచటి గాలికి సరిపోయేలా చేశారు. కింద చిక్కటి గాలిలో అదే చక్రం పూర్తిగా ఊదితే ఇంజను బద్దలవుతుంది. పోరాటంలో ఉన్న పైలట్‌ని గేజీ చూసుకుంటూ లివర్ సర్దుకోమంటే కుదరదు. అందుకని ఆటోమేటిక్ బూస్ట్ కంట్రోల్ పెట్టారు. పైలట్ లివర్ ఎంత తోసినా, ఒత్తిడి హద్దు దాటకుండా అదే థ్రాటిల్‌ని కాస్త మూసి ఉంచేది.

1940లో 100 ఆక్టేన్ పెట్రోలు వచ్చాక ఆ హద్దుని చదరపు అంగుళానికి ఆరుంబావు పౌండ్ల నుంచి పన్నెండు దాకా పెంచే వీలు కలిగింది. అయితే అది ప్రాణం మీదకి వచ్చినప్పుడే, అదీ అయిదు నిమిషాలకి మించకుండా. కట్టడిని దాటించే మీటకి సన్నని వైరుతో సీలు వేసేవాళ్ళు. పైలట్ దాన్ని తెంపి వాడుకోవచ్చు. దిగాక చెప్పాలి. మెకానిక్కులు ఇంజనుని పరీక్షించాలి.

నాకు ఈ వైరు చాలా తెలివైన పని అనిపిస్తుంది. యంత్రం నిర్ణయిస్తుంది. కానీ మనిషి దాన్ని కాదనగలడు. కాదన్నందుకు గుర్తు మిగులుతుంది. తర్వాత వచ్చిన యంత్రాల్లో ఈ మూడో మెట్టుని చాలావరకు మర్చిపోయారు.

కాలి కోసం ఓ ప్రపంచ కప్పు

యుద్ధం తర్వాత అమెరికా కుర్రాళ్ళు డీజిల్ లారీ ఇంజన్ల మీదుండే జీఎంసీ 6-71 బ్లోయర్లని ఊడదీసి వీ8 ఇంజన్ల నెత్తిన పెట్టుకుని డ్రాగ్ రేసులు ఆడారు. అక్కడ మైలేజీ లెక్క ఎవడిక్కావాలి? పావు మైలు పరుగు, అంతే. మామూలు రోడ్ల మీద మాత్రం 1970లలో పెట్రోలు ధర పెరిగాక టర్బోలదే రాజ్యం అయింది. టర్బోని తిప్పేది ఇంజను వదిలేసే పొగ. ఎలాగూ వృథా పోయేదే కాబట్టి మైలేజీకి మంచిది. ఒకటే లోపం. కాలు వేస్తే ముందు పొగ పెరగాలి, ఆ పొగ చక్రాన్ని తిప్పాలి, చక్రం గాలి ఊదాలి, అప్పుడు బలం వస్తుంది. ఈలోగా మలుపు అయిపోతుంది. దీన్నే టర్బో ల్యాగ్ అన్నారు.

ఈ ఎడం ఎంత ఖరీదైనదో 1983 ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్‌లో తేలింది. ఒక పక్క ఆడి క్వాట్రో. నాలుగు చక్రాలకీ బలం, టర్బో. ఇంకో పక్క లాన్చియా 037. వెనక చక్రాలకే బలం, టర్బో వద్దనుకుని పెట్టిన వాల్యుమెక్స్ సూపర్‌చార్జర్. గుర్రాల లెక్కలో ఆడిదే పైచేయి. కానీ మెలికలు తిరిగే రోడ్డు మీద కాలు వేసిన మరుక్షణం బలం అందడం లాన్చియాకి కలిసొచ్చింది. కంపెనీల టైటిల్‌ని రెండు పాయింట్ల తేడాతో లాన్చియా గెలిచింది. రెండు చక్రాల బండి ఆ టైటిల్ గెలవడం అదే ఆఖరు.

తర్వాతి బండి డెల్టా ఎస్4లో లాన్చియా రెండూ పెట్టింది. కింది వేగాల్లో సూపర్‌చార్జర్ వెంటనే ఊపిరి అందిస్తుంది. వేగం పెరిగి టర్బో అందుకున్నాక ఒక వాల్వ్ తెరుచుకుని గాలి సూపర్‌చార్జర్ని దాటేసి పక్కదారిన పోతుంది. బైపాస్ అనే మాటకి అచ్చమైన అర్థం. 1986 మే 2న కోర్సికా ర్యాలీలో అదే కారులో హెన్రీ టోయివొనెన్, అతని సహచరుడు సెర్జియో క్రెస్టో చనిపోయారు. ప్రమాదానికి కారణం తేలలేదు. గ్రూప్ బి అనే ఆ తరగతినే మరుసటి ఏడాది నుంచి రద్దు చేశారు. మనిషి స్పందించగల వేగంకన్నా బండి స్పందించే వేగం ఎక్కువైపోయిందన్న భయం ఆ నిర్ణయం వెనక ఉంది. పికప్ ఎంతైనా పెంచుకోవచ్చన్న నమ్మకం ఆ రోజుతో పోయింది.

స్ప్రింగు చేతిలో నిర్ణయం

రోజూ ఆఫీసుకి వెళ్ళే కారులో సూపర్‌చార్జర్ని పెట్టాలంటే మైలేజీ గండం దాటాలి. 1986లో టొయోటా ఎమ్ఆర్2 కోసం మెర్సిడెస్ పాత ఉపాయాన్నే కరెంటుతో చేసింది. అవసరం లేనప్పుడు విద్యుదయస్కాంత క్లచ్ సూపర్‌చార్జర్ని వదిలేస్తుంది. 1989లో ఫోర్డ్ థండర్‌బర్డ్ సూపర్ కూప్‌కి అమెరికా కంపెనీ ఈటన్ ఇచ్చిన ఎమ్90 ఇంకో దారి పట్టింది. బ్లోయర్ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, బెంట్లీలో లాగా. కానీ దాని ముందుకీ వెనక్కీ కలుపుతూ ఒక చిన్న పక్కదారి, ఆ దారికొక తలుపు. మినీ ఆర్53లో ఉన్నది ఇదే వంశంలోని చిన్నది, ఎమ్45.

అది పనిచేసే తీరు తెలిస్తే మార్పు సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. గాలి ముందు ఫిల్టరు దాటి థ్రాటిల్ దగ్గరికి వస్తుంది. అక్కణ్ణించి బ్లోయర్, తర్వాత గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్, ఆ తర్వాత సిలిండర్లు. మీరు ట్రాఫిక్‌లో కాలు తేలిగ్గా ఆనించి పోతున్నారనుకోండి. థ్రాటిల్ దాదాపు మూసే ఉంటుంది. ఇంజను పీలుస్తుంటే దాని వెనక వాక్యూమ్ ఏర్పడుతుంది. ఆ వాక్యూమ్ ఒక రబ్బరు పొరని లాగుతుంది. పొర తలుపుని తెరుస్తుంది. బ్లోయర్ తోసిన గాలిలో చాలాభాగం పక్కదారిన తిరిగి దాని నోట్లోకే వస్తుంది. రెండు వైపులా ఒత్తిడి ఒకటే కాబట్టి దానికి శ్రమ లేదు. రాట్నం తిరుగుతుంది గానీ నూలు రాదు.

ఇప్పుడు కాలు గట్టిగా వేశారు. థ్రాటిల్ తెరుచుకుంటుంది. వాక్యూమ్ పోతుంది. ఇన్నాళ్ళూ లొంగి ఉన్న స్ప్రింగు తలుపుని మూసేస్తుంది. వెనక్కి దారి లేని గాలి సిలిండర్ల ముందు పోగుపడుతుంది. అదే బూస్ట్. కాలు తీస్తే మళ్ళీ వాక్యూమ్, మళ్ళీ తలుపు.

చూడండి, ఎంత సొగసైన పరిష్కారమో. కంప్యూటర్ అక్కర్లేదు, క్లచ్ అక్కర్లేదు. మెర్సిడెస్ డ్రైవరు చేసిన నిర్ణయాన్ని ఒక రబ్బరు పొర, ఒక స్ప్రింగు కలిసి చేస్తున్నాయి. కాకపోతే ఆ డ్రైవరు ముందున్న రోడ్డుని చూసి నిర్ణయించేవాడు. ఈ స్ప్రింగుకి రోడ్డు కనిపించదు. అప్పటికే జరిగిపోయిన ఒత్తిడి మార్పు మాత్రమే దానికి తెలుస్తుంది. కనుక ఎప్పుడూ ఒక అడుగు వెనకే.

బిగిస్తే ఏమవుతుంది

ఆర్53 యజమానుల ఫిర్యాదు సరిగ్గా ఆ అడుగు గురించే. కాలు తేలిగ్గా ఉన్న ఒకానొక చోట వాక్యూమ్ లాగుడూ స్ప్రింగు బలమూ దాదాపు సమానమవుతాయి. తలుపు అటూ ఇటూ కాకుండా ఊగుతుంది. కాలు వెంట్రుకవాసి కదిపితే అది మూసుకుని బండి ముందుకి దూకుతుంది. ఉలిక్కిపడి కాలు సడలిస్తే తెరుచుకుని బండి చతికిలపడుతుంది. పక్కన కూర్చున్నవాళ్ళ మెడలు ముందుకీ వెనక్కీ. దీనికి వాళ్ళు పెట్టుకున్న పేరు యో-యో.

మార్పులు మూడు రకాలు. మొదటిది, స్ప్రింగు బిగువు పెంచడం, లేదా తలుపు ఆగే చోటుని సర్దడం. దాంతో వాక్యూమ్ ఇంకా కొంత మిగిలి ఉండగానే తలుపు మూసుకుంటుంది. బూస్ట్ కాస్త ముందే సిద్ధం. రెండోది, అసలు వాల్వ్‌నే మార్చి వేరే బిగువు ఉన్నది పెట్టడం. మూడోది మొండివాళ్ళ పద్ధతి. తలుపుని శాశ్వతంగా మూసేయడం. అంటే 1930 నాటి బిర్కిన్ దగ్గరికి తిరిగి వెళ్ళడం.

లాభం నిజమే. కానీ అది ఏ లాభమో స్పష్టంగా తెలుసుకోవాలి. కాలు పూర్తిగా అదిమినప్పుడు కంపెనీ ఇచ్చిన వాల్వ్ కూడా మూసుకునే ఉంటుంది. కాబట్టి కారు గరిష్ఠ బలం ఒక్క గుర్రం కూడా పెరగదు. మారేది ఆ బలం దగ్గరికి చేరే దారి మాత్రమే. కొలిచే యంత్రం మీద కనపడనిది కాలికి తెలుస్తుంది. చాలామంది డబ్బు పెట్టి కొనుక్కున్నది ఈ కాలికి తెలిసేదాన్నే కాబట్టి, అది భ్రమ అని కొట్టిపారేయలేం.

నష్టం కూడా నిజమే. తలుపు ముందే మూసుకుంటే, బలం అక్కర్లేని వేళ కూడా బ్లోయర్ శ్రమపడుతుంది. శ్రమపడ్డ బ్లోయర్ గాలిని వేడెక్కిస్తుంది. వేడి గాలి పలచగా ఉంటుంది, ఇంజను లోపల పెట్రోలు వేళకాని వేళ అంటుకునే ప్రమాదమూ పెరుగుతుంది. ఈ తలుపుని పూర్తిగా మూసేసిన కారులో సిగ్నల్ నుంచి సిగ్నల్‌కి పాక్కుంటూ పోతే, తీరా ఖాళీ రోడ్డు దొరికేసరికి ఇంజను ముందున్న గాలి సలసలా కాగి ఉంటుంది. పికప్ కోసం చేసిన మార్పు పికప్‌నే తినేస్తుంది. మైలేజీ సంగతి సరేసరి. యో-యో కూడా పోకపోవచ్చు. స్ప్రింగు బిగిస్తే ఆ ఊగే చోటు మాయం కాదు, ఇంకో వేగానికి జరుగుతుంది. మీరు రోజూ వెళ్ళే వేగం సరిగ్గా అక్కడే ఉంటే కథ మళ్ళీ మొదటికి.

ఇంకో తమాషా. ఆర్53లో యాక్సిలరేటర్ నుంచి థ్రాటిల్‌కి తీగ లేదు. పెడల్ కింద సెన్సరు ఉంటుంది. అది కంప్యూటర్‌కి విన్నపం పెడుతుంది. థ్రాటిల్ ఎంత తెరవాలో కంప్యూటర్ ఆలోచించి మోటారుతో తెరిపిస్తుంది. అంటే కాలికీ ఇంజనుకీ మధ్య ఎడంలో స్ప్రింగు వాటా కొంత, సాఫ్ట్‌వేర్ వాటా కొంత. ఆ రెండోది స్క్రూడ్రైవర్‌కి అందదు. అందని దాన్ని వదిలేసి అందిన స్ప్రింగునే బిగించారు మనవాళ్ళు. అది అమాయకత్వం కాదనుకుంటాను. చేత్తో తాకగలిగిన ఆఖరి నిర్ణయం అక్కడ మిగిలింది, అంతే.

2006 తర్వాత వచ్చిన కూపర్ ఎస్‌లో సూపర్‌చార్జర్ లేదు. టర్బోలు అప్పటికి చాలా చురుకయ్యాయి, మైలేజీ నిబంధనలు కఠినమయ్యాయి. మన నగరాల్లో మెర్సిడెస్ సీ-క్లాస్ డిక్కీల మీద కొన్నేళ్ళు మెరిసిన కొంప్రెసర్ అనే అక్షరాలు కూడా తర్వాత కనిపించకుండా పోయాయి. ఇప్పుడు ఎలక్ట్రిక్ కార్లు వచ్చాయి. వాటికి ఊపిరే అక్కర్లేదు. కాలు పెడితే చాలు, బలం అప్పటికప్పుడే. వందేళ్ళ సమస్య తీరిపోయింది కదా అనుకుంటే, అంత పికప్ మనుషులు తట్టుకోలేరని ఇంజనీర్లు సాఫ్ట్‌వేర్‌తో దాన్ని కావాలని మెత్తబరుస్తున్నారు. ఈకో, నార్మల్, స్పోర్ట్ అని బటన్లు ఇస్తున్నారు. తలుపు మళ్ళీ వచ్చింది. ఈసారి దాన్ని తెరిచి చూడటం, స్ప్రింగు బిగించడం మన వల్ల కాదు. మూడో అంకె ఎంతో కంపెనీకి తెలుసు, మనకి అది ఎప్పుడు దొరకాలో కూడా కంపెనీయే రాసి పెడుతుంది.

ఆర్53లకి ఇప్పుడు ఇరవై ఏళ్ళు దాటాయి. రబ్బరు పొరలు గట్టిపడ్డాయి, వాక్యూమ్ గొట్టాలు పగిలాయి, తలుపుల ఇరుసుల చుట్టూ నూనె మడ్డి పేరుకుంది. పికప్ లేదని వచ్చే పాత కార్లలో కొన్నిటికి కావలసింది కొత్త వాల్వూ కాదు, బిగించిన స్ప్రింగూ కాదు. శుభ్రం చేసి గొట్టం మారిస్తే సరిపోతుంది. అది తెలుసుకోవడానికి పెద్ద పరీక్ష అక్కర్లేదు. ఇంజను ఆపి, చల్లారాక, ఆ తలుపు లివర్‌ని వేలితో నెట్టి వదలాలి. అడ్డు లేకుండా కదిలి టక్కున వెనక్కి రావాలి. రాలేదంటే, కారు తయారుచేసినవాళ్ళ నిర్ణయమూ అక్కడ అమలు కావడం లేదు, మీ నిర్ణయమూ కావడం లేదు. ఆ తలుపు ఇరుక్కుపోయిన చోటే ఉండి, మీ తరఫున నిర్ణయిస్తోంది.